తాండూరు బండ నుంచి సాగర గర్భం దాకా...
పరిశోధక విద్యార్థులకు దారి చూపిన ఆచార్య సి.మహదేవన్

తాండూరు, వికారాబాద్: నీలి, పసుపు వన్నెల నాపరాళ్లు పరవని వాకిలి ఈ ప్రాంతంలో అరుదు. అరుగుకు, నడవకు, పశువుల కొట్టానికి, బడి వరండాకు అదే రాయి. నిత్యం ఆ బండలపై నడిచేవారిలో వాటిని శాస్త్రజ్ఞులు భీమా శిలలని వ్యవహరిస్తారని తెలిసినవారు కొద్దిమందే. ఆ శిలల స్వరూపాన్ని, వాటి వరుసను వివరిస్తూ 1947లో విపులమైన వ్యాసం వెలువరించిన భూవిజ్ఞాన శాస్త్రవేత్త ఆచార్య సి.మహదేవన్ పేరు తెలిసినవారు ఇంకా తక్కువ. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూవిజ్ఞాన శాఖకు అధిపతిగా ఒక తరం పరిశోధకులను తీర్చిదిద్దింది ఆయనే. బంగాళాఖాతం అడుగున ఉన్న ఒక లోయకు నేడు ఆయన పేరే ఉంది.

రామన్ శిష్యరికం

మహదేవన్ 1901 మే 6న జన్మించారు. కలకత్తా బౌబజార్ వీధిలోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్ ప్రయోగశాలలో సర్ సి.వి.రామన్ వద్ద పనిచేసిన తొలి శిష్యులలో ఆయన ఒకరు. రామన్‌కు నోబెల్ బహుమతి రావడానికి ముందటి కాలమది. ఖరీదైన పరికరాలు లేని ఆ ప్రయోగశాలకు దేశం నలుమూలల నుంచి యువకులు వచ్చి చేరేవారు. కె.ఎస్.కృష్ణన్, కె.ఆర్.రామనాథన్, సూరి భగవంతం ఆ బృందంలోని వారే. అందరూ కాంతి, ధ్వని వంటి భౌతికశాస్త్ర విషయాల వెంట సాగగా, మహదేవన్ రాళ్లను ఎంచుకున్నారు. భౌతికశాస్త్ర పద్ధతులతో ఖనిజాలను పరిశీలించడమన్నది అప్పటికి మన దేశంలో కొత్త దారి.

1927లో ఆయన ప్రచురించిన పరిశోధన కార్డియరైట్ అనే ఖనిజంలో కనిపించే రంగు వలయాలకు సంబంధించినది. విషయం సామాన్య పాఠకులకూ ఆసక్తి కలిగించేదే. కొన్ని ఖనిజాల లోపల ఇసుక రేణువు కంటే చిన్నదైన రేడియోధార్మిక కణిక చిక్కుకుని ఉంటుంది. దాని నుంచి వెలువడే ఆల్ఫా కిరణాలు మిల్లీమీటరులో వందో వంతుల దూరం మాత్రమే ప్రయాణించి ఆగిపోతాయి. కోట్ల ఏళ్లపాటు ఆ తాకిడి తిన్న ఖనిజం కణిక చుట్టూ రంగు మారి, సూక్ష్మదర్శినిలో వలయంగా కనిపిస్తుంది. వలయం వ్యాసార్థాన్ని బట్టి లోపల ఉన్న మూలకమేదో ఊహించవచ్చు. అయితే రాతి వయసును కచ్చితంగా తేల్చే పరికరాలు ఆనాటి కలకత్తాలో లేవు. వలయాలను వర్ణించడం సాధ్యమైంది గానీ, వాటి వెనుక ఉన్న కాలాన్ని లెక్కించడం మిగిలిపోయింది. ఆ పని ఆయన శిష్యుల తరానికి వచ్చింది. ఎక్స్ కిరణాలతో బొగ్గు నిర్మాణాన్ని పరిశీలించిన వ్యాసాలూ ఆ కాలానివే.

నిజాం రాజ్యంలో...

అటుపై మహదేవన్ హైదరాబాద్ రాజ్య భూవిజ్ఞాన సర్వే శాఖలో చేరారు. కెప్టెన్ లియొనార్డ్ మన్ ఆ శాఖను తీర్చిదిద్దిన అధికారి. ప్రయోగశాలలోని చీకటి గది నుంచి గుల్బర్గా, రాయచూరు సీమల ఎండలోకి రావడం మహదేవన్‌కు పెద్ద మార్పే. సుత్తి, దిక్సూచి, పటం పట్టుకుని వాగుల వెంట నడవాలి. ఏ రాయి ఎక్కడ మొదలై ఎక్కడ అంతమవుతున్నదో గుర్తించాలి. తెచ్చిన రాతిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. సురపురం తాలూకా దక్షిణ, నైరుతి భాగాలపై ఆయన వ్యాసం 1941లో వచ్చింది. గుల్బర్గా జిల్లా భీమా శిలలపై రాసిన ప్రధాన వ్యాసం 1947లో హైదరాబాద్ సర్వే పత్రికలోనే వెలువడింది.

తాండూరు పాఠకులు ఇక్కడ ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. 1956 నవంబరు 1కి పూర్వం తాండూరు, కొడంగల్ తాలూకాలు గుల్బర్గా జిల్లాలోనివే. రాష్ట్రాల పునర్విభజనతో సరిహద్దులు మారాయి గానీ రాతి పొర మారలేదు. సరిహద్దుకు అటు షాబాద్ బండ, ఇటు తాండూరు బండ అని పిలిచేది ఒకే సున్నపురాతి పొరను.

ఆ శిలలను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1876 నాటి గ్రంథంలోనే వర్ణించి ఉన్నారు. మహదేవన్ వాటిని దిగువ, మధ్య, ఎగువ అని మూడు భాగాలుగా వింగడించారు. అడుగున గులకరాతి పొర, ఇసుకరాయి, ఆకుపచ్చ, ఊదా రంగుల పలకరాయి, నడుమ సున్నపురాయి, పైన మళ్లీ పలకరాయి. 50 కోట్ల సంవత్సరాలకు పైబడిన ఒక సముద్రం అడుగున నెమ్మదిగా పేరుకున్న బురద అది. పొరకు పొరకు మధ్య సన్నని మట్టి పట్టీ ఉన్నందునే ఉలి, గునపాలతోనే కార్మికుడు బండను సమంగా చీల్చగలుగుతున్నాడు. తాండూరు గనుల జీవనాధారమంతా ఆ మట్టి పట్టీలోనే ఉన్నదంటే అతిశయోక్తి కాదు. ఈ సముద్రపు రాళ్లపై తరువాతెప్పుడో, సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాడు, దక్కను లావా పరుచుకుంది. వికారాబాద్ నల్లరాయి, దానిపై అనంతగిరి కొండల ఎర్రరాయి ఆ లావా సంతానమే.

మహదేవన్ విభజనను తరువాతి పరిశోధకులు సవరించి, అయిదు సంస్తరాలుగా మార్చారు. వాటిలో సున్నపురాయి ఎక్కువగా ఉన్నదానికి షాబాద్ పేరే నిలిచింది. 1990లలో ఇదే భీమా పరీవాహపు శిలల్లో, నేటి యాద్గిర్ జిల్లా గోగి వద్ద యురేనియం నిక్షేపం బయటపడింది. భీమా శిలలపై సిద్ధాంత వ్యాసం రాసే విద్యార్థి ఎవరైనా 1947 నాటి ఆ వ్యాసం నుంచే మొదలుపెట్టక తప్పదు. ఎన్నడూ చూడని విద్యార్థులకు సైతం ఆయన ఈ విధంగా గురువయ్యారు.

వాల్తేరు కొండపై గురుకులం

1940ల దశకంలో మహదేవన్ వాల్తేరుకు తరలివెళ్లి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భూవిజ్ఞాన శాఖ బాధ్యతలు స్వీకరించారు. సి.ఆర్.రెడ్డి ఉపాధ్యక్షులుగా ఉండి, దేశమంతటి నుంచి పండితులను అక్కడికి రప్పిస్తున్న కాలమది. రామన్ మరో శిష్యుడు భగవంతం 1932 నుంచి అక్కడే ఉన్నారు. యుద్ధకాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలి తిరిగి రావలసి వచ్చింది. శాఖను నిలబెట్టడం అంత తేలిక కాదు. సామగ్రి తక్కువ, సంప్రదాయం అసలే లేదు. డాక్టరేట్ కోరే విద్యార్థికి చూపడానికి అంతకు ముందటి సిద్ధాంత వ్యాసాల వరుస కూడా లేదు.

ఈ స్థితిలో పర్యవేక్షకుని మొదటి పని సమస్యను ఎంచడం. పరికరం లేని ప్రశ్న ఇస్తే విద్యార్థి ఏళ్ల తరబడి కూర్చోవలసిందే. ఎవరో ముందే తేల్చిన ప్రశ్న ఇస్తే డిగ్రీ రావచ్చు గానీ శాస్త్రానికి ఒరిగేది లేదు. మహదేవన్, ఆయన విద్యార్థులు కలిసి వెలువరించిన వ్యాసాల జాబితా చూస్తే ఆయన ఎంపిక తేటతెల్లమవుతుంది. సమస్య కోసం దూరం పోలేదు. తూర్పు కనుమల ఖోండలైట్, చార్నొకైట్ శిలలు తరగతి గది కిటికీలోంచి కనిపించేవే. విశాఖ తీరంలో అలలు పోగుచేసే నల్ల ఇసుకపై నటేశ్వరరావుతో కలిసి 1950లో ‘కరెంట్ సైన్స్’లో వ్యాసం వచ్చింది. గోదావరి సంగమానికి ఉత్తరాన ఇసుక దిబ్బ ఎందుకు పెరుగుతున్నదో ప్రసాదరావుతో కలిసి 1958లో పరిశీలించారు. ఈ వ్యాసాలన్నింటా ఆచార్యుని పేరు పక్కనే విద్యార్థి, సహపరిశోధకుల పేర్లు కనిపిస్తాయి. కలకత్తా నాటి వ్యాసాలపై ఉన్నది ఒక్క పేరు మాత్రమే. వాల్తేరులో ఆయన కాలం ఎవరికి ఖర్చయిందో ఈ తేడాయే చెబుతుంది.

ఓడ లేకున్నా సముద్రం మీదికి...

అన్నిటికంటే సాహసమైన ప్రశ్న సముద్రం అడుగు గురించినది. విశ్వవిద్యాలయానికి నౌక లేదు, సముద్ర శాస్త్రం బోధించే శాఖ లేదు. 1952లో అమెరికాలోని కాలిఫోర్నియా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు అతిథి ఆచార్యునిగా వాల్తేరుకు వచ్చారు. భారత నౌకాదళం ఓడలు సమకూర్చింది. బంకమన్ను, ఇసుక, నీటి నమూనాలు సేకరించడానికి విద్యార్థులు బంగాళాఖాతంలోకి వెళ్లారు. సముద్ర తలంలోని అవక్షేపాలపై ఎం.పూర్ణచంద్రరావుతో కలిసి మహదేవన్ రాసిన వ్యాసం 1954లో విశ్వవిద్యాలయ ప్రత్యేక సంపుటంలో వచ్చింది. లాఫాండ్ 1955లో మళ్లీ వచ్చారు. రెండో సంపుటం 1958లో వెలువడింది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ఏర్పడినది 1966లో. దానికి పుష్కర కాలం ముందే వాల్తేరులో విద్యార్థులు సముద్రం అడుగు మట్టిని సీసాల్లో భద్రపరిచి ఉన్నారు.

ఆ మట్టిలో కొంత మన జిల్లాది కూడా. అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పునకు పారి కృష్ణలో కలుస్తుంది. తాండూరు మీదుగా సాగే కాగ్నా పడమటికి పోయి భీమాలో చేరి, ఆ దారిన మళ్లీ కృష్ణకే చేరుతుంది. రెండూ మోసే ఒండ్రుకు బంగాళాఖాతమే గమ్యం.

శిష్యుని చేతిలో పాత ప్రశ్న

మహదేవన్ శిష్యులలో దేశాంతర ఖ్యాతి గడించినవారు ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ. రాళ్లలోని రేడియోధార్మికతను ఆధారం చేసుకుని వాటి వయసును, చరిత్రను తేల్చే శాస్త్రాన్ని ఆయన పరిశోధనాంశంగా తీసుకున్నారు. తీరానికి దూరంగా సముద్ర తలం నుంచి తెచ్చిన అవక్షేపాల రేడియోధార్మికతపై గురుశిష్యులు కలిసి 1950లలో వ్యాసాలు వెలువరించారు. 1927లో కార్డియరైట్ వలయాల వద్ద ఆగిన ప్రశ్నకు ఇది కొనసాగింపేనని గ్రహించడం కష్టం కాదు. తాను పూర్తి చేయలేని పనిని మరొకరి పేరు మీద సాగనివ్వడానికి పర్యవేక్షకునికి కొంత గుండె నిబ్బరం కావాలి.

అశ్వత్థనారాయణ అనంతరం సాగర్ విశ్వవిద్యాలయంలోను, ఆఫ్రికాలో టాంజానియా దేశపు దార్ ఎస్ సలామ్‌లోను ఆచార్యునిగా బోధించారు. మొజాంబిక్ రాజధాని మపూటోలోనూ పనిచేశారు. పరమాణు భూవిజ్ఞానంపై ఆయన రాసిన గ్రంథాలు విదేశాల్లో అచ్చయ్యాయి. స్వదేశానికి తిరిగి వచ్చాక హైదరాబాద్‌లో నీటి వనరుల నిర్వహణపై ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని నెలకొల్పి, దానికి తన పేరో తన ఊరి పేరో కాక మహదేవన్ పేరు పెట్టారు.

నీటి కింద లోయ

భారత విజ్ఞాన అకాడమీ, జాతీయ విజ్ఞాన అకాడమీ రెండింటా సభ్యత్వ గౌరవం పొందిన మహదేవన్ 1962 ఏప్రిల్ 6న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 60 ఏళ్లు. హిందూ మహాసముద్రంపై అంతర్జాతీయ యాత్రలు ఊపందుకుంటున్న రోజులవి. తూర్పు తీరానికి ఆవల, ఖండపు వాలు నుంచి లోతుకు దిగే మూడు లోయల గురించి లాఫాండ్ 1964లో భారత భూభౌతిక సంఘం పత్రికలో ప్రకటించారు. ఒకదానికి ఆంధ్ర అని, ఒకదానికి కృష్ణ అని, మరొకదానికి మహదేవన్ అని పేర్లు. ఆ వ్యాసం అచ్చయ్యేనాటికి మహదేవన్ మరణించి రెండేళ్లు కావచ్చింది.