ఎవరూ ముట్టుకోని ఆటగాడు: డగ్ నికోల్స్ జీవితం

1927లో మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు వచ్చాడు. ఎత్తు ఐదడుగుల రెండు అంగుళాలు. చూస్తే ఫుట్‌బాలర్ అని ఎవరూ అనుకోరు. కానీ బంతి చేతికందితే గాలిలా పోయేవాడు. ఆట అయ్యాక ఆటగాళ్ల కాళ్లు, భుజాలు మర్దన చేయడానికి క్లబ్బులో మనుషులు ఉండేవాళ్లు. ఈ కుర్రాడి వంతు వచ్చేసరికి వాళ్లు చేతులు వెనక్కి తీసుకున్నారు. ఆ నల్లటి ఒంటిని ముట్టుకోమన్నారు. తోటి ఆటగాళ్లు వాసన వస్తోందని మొహం చిట్లించారు. కుర్రాడు తన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. ఆయనే తర్వాతి కాలంలో సర్ డగ్లస్ నికోల్స్, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్ర గవర్నర్.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు ఆస్ట్రేలియా గురించి చదువుతున్నట్టు అనిపించలేదు. పూనాలో పల్వంకర్ బాలూ వేసిన బంతిని పట్టుకున్న చేతులే, టీ విరామంలో ఆయన్ని పెవిలియన్ బయట నిలబెట్టి మట్టి ముంతలో టీ పోశాయి. రంగు వేరు, కులం వేరు, రెండూ ఒకటే అని తేల్చేయకూడదని మా గైడ్ ఎప్పుడూ హెచ్చరిస్తుంటారు. నిజమే. అయినా ముట్టుకోని చెయ్యి ఎక్కడైనా ముట్టుకోని చెయ్యే.

డగ్ 1906 డిసెంబర్ 9న కమ్మరాగంజాలో పుట్టాడు. న్యూసౌత్‌వేల్స్, విక్టోరియా రాష్ట్రాల మధ్య పారే మర్రే నది ఒడ్డున, న్యూసౌత్‌వేల్స్ వైపున్న మూలవాసుల రిజర్వు అది. అక్కడివాళ్లు యోర్టా యోర్టా జనం. మన భాషలో చెప్పుకోవాలంటే సర్కారు గీసిన వెలివాడ. అయితే వెలివాడకి తన ఊరు వదిలి పోయే స్వేచ్ఛ అయినా ఉంటుంది. ఇక్కడ ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో రక్షణ బోర్డు మేనేజరు చెప్పాలి. ఆ జనం అడవి కొట్టి, దున్ని, గోధుమ పండించిన చెక్కల్ని కూడా 1907లో బోర్డు వెనక్కి లాగేసుకుంది.

ఆ ఊరి బడిలో పంతులు థామస్ షాడ్రక్ జేమ్స్. మారిషస్‌లో భారతీయ కుటుంబంలో పుట్టి, ఆస్ట్రేలియా చేరి, మూలవాసుల ఆడపడుచుని పెళ్లి చేసుకుని, ఆ జనంలోనే ఒకడైపోయినవాడు. నలభై ఏళ్లపాటు వాళ్ల పిల్లలకి అక్షరాలు నేర్పాడు, వాళ్ల అర్జీలు రాసిపెట్టాడు. ఆస్ట్రేలియా మూలవాసుల హక్కుల ఉద్యమంలో తొలితరం నాయకుల్లో చాలామంది ఆయన శిష్యులే. మన దేశపు మూలాలున్న మనిషి ఒకడు ఆ చరిత్రలో ఇంత ముఖ్యమైన చోట ఉన్నాడని మన పాఠ్యపుస్తకాలు ఎక్కడా చెప్పవు. ప్రవాస భారతీయుల గొప్పల జాబితాలో ఇలాంటివాళ్లకి చోటుండదు.

డగ్‌కి ఎనిమిదేళ్లప్పుడు పోలీసులు వచ్చి పదహారేళ్ల అక్క హిల్డాని పట్టుకుపోయారు. కూటముండ్రాలో మూలవాసుల ఆడపిల్లల కోసం పెట్టిన శిక్షణాలయానికి. శిక్షణ అంటే తెల్లవాళ్ల ఇళ్లలో పాచిపనికి తయారు చేయడం. 1915లో చట్టం మార్చి, కోర్టుకి పోనక్కర్లేకుండానే పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం బోర్డుకి ఇచ్చారు. ఇలా పోయినవాళ్లనే తర్వాత దొంగిలించబడిన తరాలు అన్నారు. తల్లి ఏడుపు, బండి వెంట పరుగెత్తిన జనం, ఆ పిల్లవాడి కళ్లముందే జరిగాయి. చదువు చిన్న తరగతుల్లోనే ఆగిపోయింది. పద్నాలుగేళ్లు నిండకముందే గొర్రెల ఫారాల్లో కూలి. గొర్రెల బొచ్చు కత్తిరించేటప్పుడు చర్మం తెగితే ఆ గాయానికి తారు పూసే కుర్రాడి పని.

కార్ల్‌టన్ కాదన్నాక నార్త్‌కోట్ క్లబ్బు తీసుకుంది. అది రెండో వరస లీగు. నికోల్స్ ఐదేళ్లు అక్కడ ఆడారు. 1929లో ఆ జట్టు చాంపియన్ అయింది. శీతాకాలం ఫుట్‌బాల్, వేసవిలో పల్లెటూళ్ల పరుగు పందేలు. వారాక్నబీల్, నయా ఊళ్లలో పెద్ద పందేలు గెలిచారు. కొన్నాళ్లు జిమ్మీ షార్మన్ డేరాలో బాక్సింగ్ కూడా చేశారు. తిరనాళ్లలో డేరా వేసి, టికెట్ కొన్న తెల్లవాళ్లని నల్ల కుర్రాళ్లతో కొట్లాడమని పిలిచే వ్యాపారం అది. నల్లవాడు దెబ్బలు కొట్టడం, దెబ్బలు తినడం జనం డబ్బిచ్చి చూసేవాళ్లు. అదే నల్లవాడు వాళ్ల పక్కన కూర్చుని అన్నం తినడం మాత్రం కుదరదు.

1932లో ఫిట్జ్‌రాయ్ క్లబ్బు ఆయన్ని పెద్ద లీగులోకి తీసుకుంది. అక్కడ మొదట్లో బట్టలు మార్చుకునే గదిలో ఒక మూల ఒంటరిగా కూర్చునేవారు. ఆ మూలకి వచ్చి పక్కన కూర్చున్నవాడు హేడన్ బంటన్. ఆ రోజుల్లో లీగు మొత్తంలో పెద్ద స్టార్. బ్రౌన్‌లో పతకం మూడుసార్లు గెలిచినవాడు. ఆయన వచ్చి కూర్చున్నాక మిగతావాళ్లూ దగ్గరికొచ్చారు. నలుగురిలో పేరున్న ఒక్కడు జరిగి కూర్చుంటే గది మారిపోతుందని దీన్ని అందంగా చెబుతుంటారు. నాకు మాత్రం వేరే ప్రశ్న వస్తుంది. ఆ ఒక్కడు రాకపోతే?

మైదానంలో సంగతి ఇంకోలా ఉండేది. గుడ్డు ఆకారం మైదానం, గుడ్డు ఆకారం బంతి, జట్టుకి పద్దెనిమిది మంది. నికోల్స్ ఆడేది వింగ్‌లో, అంటే గీతకి దగ్గరగా, జనానికి దగ్గరగా. కంచె అవతల నిలబడ్డవాళ్ల మాటలు ఆయనకి స్పష్టంగా వినిపించే దూరం. ప్రత్యర్థి జట్టు అభిమానులు రంగు మీద, పుట్టుక మీద అరిచేవాళ్లు. ఫిట్జ్‌రాయ్ అభిమానులు అదే మనిషిని తమవాడని నెత్తిన పెట్టుకునేవాళ్లు. అంత పొట్టి మనిషి ఎగిరి బంతి అందుకుంటే మైదానం ఊగిపోయేది. 54 మ్యాచ్‌లు ఆడారు. 1935లో విక్టోరియా రాష్ట్ర జట్టుకి ఎంపికైన మొదటి మూలవాసి అయ్యారు. మోకాలి దెబ్బలతో 1937లో పెద్ద లీగు ముగిసింది.

ఈ ఇష్టమూ ఆ తిట్లూ ఒకే గుంపులోనివి అన్న సంగతి దగ్గర కాస్త ఆగాలి. నల్ల ఆటగాడు గెలిపిస్తూ, నవ్వుతూ, నోరెత్తకుండా ఉన్నంతకాలం గుంపుకి అతను ముద్దే. నోరెత్తినరోజు తెలుస్తుంది. 1993 ఏప్రిల్‌లో కాలింగ్‌వుడ్ మైదానంలో రోజంతా తిట్లు తిన్న నికీ విన్మార్, ఆట గెలిచాక జెర్సీ పైకెత్తి తన నల్లటి చర్మాన్ని వేలితో చూపించాడు. ఆ ఫోటో ఇప్పుడు గోడల మీద ఉంది. 2013 మేలో ఆడమ్ గూడ్స్‌ని పదమూడేళ్ల పిల్ల కోతి అని పిలిచింది. అది కూడా మూలవాసుల గౌరవార్థం ఆడుతున్న వారంలోనే. గూడ్స్ ఆ పిల్లని నిందించవద్దనే చెప్పాడు. కానీ జాత్యహంకారం గురించి మాట్లాడటం ఆపలేదు. 2015 నాటికి అతను బంతి ముట్టుకున్న ప్రతిసారీ వేలమంది హేళనగా అరిచేవాళ్లు. అడిగితే రంగు కోసం కాదు, ఆడే తీరు నచ్చక అన్నారు. మన క్యాంపస్‌లో మెరిట్ అనే మాట ఎలా పనిచేస్తుందో తెలిసినవాళ్లకి ఈ జవాబు కొత్తకాదు. గుంపులో ఎవరి అరుపు ఎవరిదో తేలదు కాబట్టి ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. ఆ సీజన్ చివర గూడ్స్ ఆట మానేశాడు. మరుసటి ఏడాది, 2016లో, ఆ మూలవాసుల వారానికి లీగు పెట్టిన పేరు సర్ డగ్ నికోల్స్ రౌండ్. గూడ్స్‌కి క్షమాపణ చెప్పడానికి 2019 దాకా పట్టింది.

2021 జనవరిలో సిడ్నీలో మన హైదరాబాదీ సిరాజ్‌ని గ్యాలరీ నుంచి దూషించినప్పుడు ఆట ఆగింది, ఆరుగురిని బయటికి పంపారు. తెలుగు చానెళ్లు రోజంతా ఆగ్రహించాయి. మంచిదే. అదే ఏడాది ఆగస్టులో, ఒలింపిక్స్ సెమీఫైనల్ ఓడిపోయిన రోజున, హాకీ క్రీడాకారిణి వందనా కటారియా ఇంటిముందు టపాకాయలు కాల్చి కులం పేరుతో తిట్టారు. ఆ ఆగ్రహం అప్పుడు ఎన్ని గంటలు నిలిచిందో మనకి గుర్తే.

నికోల్స్ నోరెత్తని మనిషి కాదు. మైదానంలో ఎత్తలేదు, బయట ఎత్తారు. దానికి కారణం విలియం కూపర్, ఆయన ఊరి పెద్దాయన, జేమ్స్ పంతులికి బావమరిది. కూపర్ 1,814 మంది మూలవాసుల సంతకాలతో రాజుకి అర్జీ పెట్టాడు. పార్లమెంటులో తమకొక ప్రతినిధి కావాలన్నది అందులో ప్రధానమైన కోరిక. గోలమేజా సమావేశాల్లో అంబేడ్కర్ పోరాడిన ప్రశ్న కూడా ఇదే కాలానిది, ఇదే సామ్రాజ్యానిది. ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ కాగితాన్ని రాజుకి పంపనేలేదు. 1938 జనవరి 26న తెల్లవాళ్లు వచ్చి 150 ఏళ్లయిందని దేశం పండగ చేసుకుంటుంటే, సిడ్నీలో మూలవాసులు సంతాపదినం పాటించారు. అక్కడ మాట్లాడినవాళ్లలో నికోల్స్ ఒకరు. అందరికీ తెలిసిన ఫుట్‌బాలర్ కాబట్టి పత్రికలు పేరు రాశాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కమ్మరాగంజా జనం మేనేజరు దాష్టీకం భరించలేక నది దాటి విక్టోరియా వైపు వెళ్లిపోయారు. సుమారు రెండు వందల మంది ఆడామగా, పిల్లలతో సహా ఊరు వదిలేశారు. కారంచేడు నుంచి చీరాల దాకా నడిచినవాళ్ల కథ విన్నవాళ్లకి ఆ నడక అర్థమవుతుంది.

తల్లి చనిపోయాక నికోల్స్ చర్చికి దగ్గరయ్యారు. యుద్ధకాలంలో సైన్యంలో చేరితే, ఫిట్జ్‌రాయ్‌లో మూలవాసుల మధ్య పనిచేసే మనిషి కావాలని పోలీసులే అడిగి వెనక్కి రప్పించారు. 1943లో గోర్ వీధిలో చర్చి మొదలుపెట్టి పాస్టరయ్యారు. ఆయన భార్య గ్లాడిస్‌కి అది రెండో పెళ్లి. ప్రమాదంలో చనిపోయిన నికోల్స్ అన్నదమ్ముడి భార్య ఆమె, ముగ్గురు పిల్లల తల్లి. ఊళ్లనుంచి పనికోసం వచ్చే ఆడపిల్లలకి హాస్టల్ నడపడం, చందాలు పోగుచేయడం, వచ్చినవాళ్లకి అన్నం పెట్టడం ఆమె చేసిన పని. చరిత్ర పుస్తకాల్లో ఆమెకి దొరికేది రెండు వాక్యాలు.

1957లో అబోరిజినీస్ అడ్వాన్స్‌మెంట్ లీగ్ స్థాపకుల్లో ఆయన ఒకరు. అదే ఏడాది ప్రభుత్వ సంక్షేమ బోర్డులో సభ్యులయ్యారు. లేక్ టైయర్స్ రిజర్వు మూసేసి జనాన్ని చెల్లాచెదురు చేయాలని బోర్డు నిర్ణయించినప్పుడు, 1963లో రాజీనామా చేసి మెల్‌బోర్న్ వీధుల్లో ఊరేగింపుకి ముందు నడిచారు. ఆ భూమి 1971లో అక్కడి మూలవాసుల పేరుమీదికి వచ్చింది. నాకు ఆయన జీవితంలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇదే. 1967లో మూలవాసుల్ని జనాభా లెక్కల్లో కలపాలని, వాళ్ల గురించి చట్టాలు చేసే అధికారం కేంద్రానికి ఉండాలని జరిగిన ప్రజాభిప్రాయ సేకరణకి ప్రచారం చేశారు. తొంభై శాతానికి పైగా అవునన్నారు.

1960ల చివరికి బ్లాక్ పవర్ మాట వింటూ పెరిగిన కుర్రకారుకి ఆయన మరీ మెత్తగా కనిపించారు. రాణి ఇచ్చే బిరుదులు ఎందుకు తీసుకుంటున్నారని అడిగారు. 1972లో ఆయన సర్ అయ్యారు, ఆ బిరుదు పొందిన మొదటి మూలవాసి. ఆ కుర్రవాళ్ల కోపం నాకు అర్థమవుతుంది. బాలూ కూడా చివరికి 1937 ఎన్నికల్లో అంబేడ్కర్ మీదే పోటీకి నిలబడ్డాడు కదా. కానీ నికోల్స్‌ని ఆ గాటన కట్టలేను. పదవి ఇచ్చిన బోర్డుని జనంకోసం వదిలేసినవాడు ఆయన.

ముఖ్యమంత్రి డాన్ డన్‌స్టన్ ప్రతిపాదనతో 1976 డిసెంబర్ 1న దక్షిణ ఆస్ట్రేలియా గవర్నరయ్యారు. గవర్నర్ బంగళాలోకి అడుగుపెట్టిన మొదటి మూలవాసి గవర్నర్. కొన్ని వారాలకే పక్షవాతం వచ్చింది. 1977 ఏప్రిల్ 30న, ఐదు నెలలకే, పదవి వదిలేశారు. గ్లాడిస్ 1981లో పోయింది.

నికోల్స్ 1988 జూన్ 4న చనిపోయారు. ఆ ఏడాది తెల్లవాళ్లు వచ్చి రెండు వందల ఏళ్లయిందని దేశం మళ్లీ పండగ చేసుకుంది, మూలవాసులు మళ్లీ సిడ్నీలో నిరసన చేశారు. ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిపి, ఆయన్ని కమ్మరాగంజాకి తీసుకుపోయారు. పోలీసులు అక్కని పట్టుకుపోయిన ఊరికి, ఆయన జనం ఒకరోజు నది దాటి వదిలేసి మళ్లీ తిరిగొచ్చిన ఊరికి. అక్కడి శ్మశానంలోనే పూడ్చారు.