జాన్ హెన్రీ న్యూమన్: లోపాలన్నీ తెలిసే ఆ చర్చిలో చేరారు.. ఆరేళ్ల మథనం వెనక అసలు కథ ఇదీ!

1845 అక్టోబర్ 8. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కనే లిటిల్‌మోర్ అనే చిన్న పల్లె. జోరున వాన. బాగా పొద్దుపోయాక ఓ ఇటలీ ఫాదర్ అక్కడికి చేరుకున్నారు. గుర్రపు బండి టాపు మీద గంటల తరబడి కూర్చుని రావడంతో తడిసి ముద్దయిపోయారు. నిప్పు దగ్గర నిలబడి బట్టలు ఆరబెట్టుకుంటుంటే.. తలుపు తీసుకుని 44 ఏళ్ల ఓ పెద్దమనిషి వచ్చి, ఆయన కాళ్ల ముందు మోకరిల్లారు. తనను క్యాథలిక్ సంఘంలో చేర్చుకోమని అడిగారు. ఆ రాత్రే పాపసంకీర్తనం మొదలైంది. మర్నాడు, అక్టోబర్ 9న ఆయన క్యాథలిక్ అయిపోయారు.

వచ్చిన ఫాదర్ పేరు డొమినిక్ బార్బెరి. పేద రైతు కుటుంబంలో పుట్టి, గొర్రెలు కాసిన మనిషి. ఇంగ్లిష్ సరిగా రాదు. ఆయన ముందు మోకరిల్లిన వ్యక్తి మాత్రం అప్పటికి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీలోనే పేరు మోగిపోయిన ప్రసంగీకుడు జాన్ హెన్రీ న్యూమన్. ఈయన్నే 2025 నవంబర్ 1న పోప్ లియో 14 'డాక్టర్ ఆఫ్ ది చర్చ్'గా ప్రకటించారు. రెండు వేల ఏళ్ల చరిత్రలో ఈ గౌరవం దక్కినవాళ్లు నలభై మంది కూడా లేరు.

ఈ బిరుదుల సంగతి అలా ఉంచితే, న్యూమన్ జీవితంలో అసలు ఆసక్తికరమైన విషయం వేరే ఉంది. క్యాథలిక్ చర్చిలో ఏమేం తప్పులున్నాయో ఆయనకు ముందే తెలుసు. వాటి మీద ఏళ్ల తరబడి రాశారు కూడా. చేరాక ఇంకా ఎక్కువ చూశారు, స్వయంగా అనుభవించారు. అయినా ఎందుకు చేరారు? చేరాక ఎందుకు వెనక్కి రాలేదు?

పోప్ అంటేనే పడని కుర్రాడు

న్యూమన్ 1801 ఫిబ్రవరి 21న లండన్‌లో పుట్టారు. ఆరుగురు పిల్లల్లో పెద్దవాడు. తండ్రి బ్యాంకర్. 1816లో ఆ బ్యాంకు మూతపడింది. ఇంటి పరిస్థితి తలకిందులైన ఆ ఏడాదే పదిహేనేళ్ల న్యూమన్ దైవభక్తిలో మునిగిపోయారు. అప్పుడు చదివిన పుస్తకాల ప్రభావంతో పోపే క్రీస్తు విరోధి అని గట్టిగా నమ్మేశారు. ఆ ముద్ర తన మనసులోంచి పూర్తిగా చెరిగిపోవడానికి పాతికేళ్లకు పైగా పట్టిందని తర్వాత ఆయనే ఒప్పుకున్నారు.

1822లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఓరియల్ కాలేజీలో ఫెలో అయ్యారు. 1825లో చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ గురువుగా అభిషేకం పొందారు. 1828లో యూనివర్సిటీ చర్చి అయిన సెయింట్ మేరీస్‌కు వికార్. మన ఊళ్లలో ఆర్‌సీఎం చర్చి ఒక వీధిలో, సీఎస్ఐ చర్చి ఇంకో వీధిలో ఉండటం చూస్తుంటాం కదా.. 1947లో ఏర్పడిన ఆ సీఎస్ఐలో కలిసిన సంఘాల్లో ఆంగ్లికన్లు, అంటే ఈ ఇంగ్లండ్ చర్చివాళ్లు కూడా ఉన్నారు. మన దగ్గర ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారడం పెద్ద వార్త కాదు. అప్పటి ఇంగ్లండ్‌లో కథ వేరు. క్యాథలిక్‌లకు పార్లమెంటులో కూర్చునే హక్కు వచ్చిందే 1829లో. ఆక్స్‌ఫర్డ్‌లో చదవాలంటే ఇంగ్లండ్ చర్చి 39 సూత్రాల మీద సంతకం పెట్టాల్సిందే. కాబట్టి చర్చి మారితే ఉద్యోగం, ఇల్లు, స్నేహాలు, పరువు.. అన్నీ పోయినట్టే.

1833లో ఇటలీ వెళ్లారు. రోమ్ నగరం ఆయన్ను కట్టిపడేసింది కానీ, రోమ్ మతవ్యవస్థ మాత్రం చెడిపోయిందనే అనుకున్నారు. సిసిలీలో విషజ్వరంతో చావు అంచుల దాకా వెళ్లొచ్చారు. తిరుగు ప్రయాణంలో ఓడ మీద ఒక ప్రార్థన గీతం రాశారు. అదే 'లీడ్ కైండ్లీ లైట్'. గాంధీజీకి ఎంతో ఇష్టమైన పాట ఇది. ఆశ్రమ ప్రార్థనల్లో పాడించేవారు, గుజరాతీలోకీ తర్జుమా చేయించుకున్నారు. ఆ పాట రాసేనాటికి న్యూమన్‌కు క్యాథలిక్ అయ్యే ఆలోచనే లేదన్న సంగతి చాలామందికి తెలియదు.

1839 వేసవిలో ఏం జరిగింది?

ఇంగ్లండ్ తిరిగొచ్చాక న్యూమన్, కీబుల్, పూసీ కలిసి ఆక్స్‌ఫర్డ్ ఉద్యమం నడిపారు. ప్రభుత్వం చెప్పుచేతల్లో ఉన్న ఇంగ్లండ్ చర్చిని ఆది సంఘం బాటలోకి తేవాలన్నది వాళ్ల పట్టుదల. అటు రోమ్ అతి, ఇటు ప్రొటెస్టెంట్ల తెగతెంపులు రెండూ వద్దు, మధ్యేమార్గమే సరైనదని న్యూమన్ వాదన. వరసగా కరపత్రాలు వేశారు. కుర్రకారు ఆయన ప్రసంగాలకు ఎగబడ్డారు.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1839లో ఆయన సెలవుల్లో అయిదో శతాబ్దపు చర్చి గొడవలు చదువుతూ కూర్చున్నారు. క్రీస్తు స్వభావం గురించి అప్పట్లో జరిగిన వాదాల్లో ఓ పక్క తీవ్రవాదులు, మధ్యలో రాజీ కోరే వర్గం, ఇంకోవైపు రోమ్. చివరికి చరిత్రలో నిలబడింది రోమ్ వైపే. చదివే కొద్దీ న్యూమన్‌కు చెమటలు పట్టాయి. ఆనాటి మధ్యే వర్గం ఉన్న చోటే ఇప్పుడు తాము ఉన్నామని అర్థమైంది. రోమ్‌ను ఓడించడానికి చదివిన చరిత్రే ఆయన్ను ఇరకాటంలో పెట్టింది. చెప్పాలంటే, ఎవరో పాస్టరో ఫాదరో వచ్చి ఆయన్ను మార్చలేదు. లైబ్రరీ మార్చింది.

అలాగని మర్నాడే వెళ్లి చేరిపోలేదు. నిజానికి న్యూమన్‌ను గౌరవించాల్సింది ఇక్కడే అనిపిస్తుంది. రోమ్ మీద ఆయన అభ్యంతరాలు అలాగే ఉన్నాయి. మరియ మాతకు, పునీతులకు జరిగే భక్తి కొన్ని దేశాల్లో హద్దు దాటిందని ఆయనకు బాధ. రోమ్ రాజకీయాలు నచ్చవు. ఒక్క ఆవేశంలో దూకితే అది భ్రమ కాదని గ్యారంటీ ఏంటని తనను తానే అనుమానించుకున్నారు. ఆరేళ్లు అలా గడిచాయి.

ఈలోగా ఇంగ్లండ్ చర్చే ఆయన్ను బయటికి నెట్టింది. 1841లో వచ్చిన 90వ కరపత్రంలో, ఆ 39 సూత్రాలను క్యాథలిక్ అర్థంలోనూ చదువుకోవచ్చని రాశారు. ఆక్స్‌ఫర్డ్ పెద్దలు భగ్గుమన్నారు. బిషప్పులు ఒకరి తర్వాత ఒకరు తప్పుబట్టారు. 1842లో లిటిల్‌మోర్‌లో గుర్రాల కొట్టాలను ఇళ్లుగా మార్చిన వరసలోకి మకాం మార్చారు. కొంతమంది శిష్యులతో కలిసి ప్రార్థన, ఉపవాసం, చదువు.

తనను నమ్ముకుని వచ్చినవాళ్లను ఆయన రోమ్ వైపు తోసేవారా? లేదు, ఆపేవారు! లాక్‌హార్ట్ అనే కుర్ర శిష్యుడితో మూడేళ్లు ఆగుతానని మాట తీసుకున్నారు. ఆ కుర్రాడు ఆగలేక 1843లో వెళ్లి క్యాథలిక్ అయ్యాడు. ఆ అవమానానికి న్యూమన్ సెయింట్ మేరీస్ పదవి వదిలేశారు. అదే ఏడాది చెల్లెలు హారియట్ భర్త కూడా క్యాథలిక్ అయిపోతానని బయల్దేరితే, తొందరపడొద్దని ఆపింది న్యూమనే. అయినా హారియట్ అన్నయ్యనే తప్పుబట్టింది. మాటలు ఆపేసింది. 1852లో ఆమె చనిపోయే వరకూ ఆ తెగిన బంధం అతకలేదు.

ముడి వీడిందిలా

1845 అంతా నిలబడి రాసే బల్ల దగ్గర ఒక పుస్తకం రాస్తూ గడిపారు. క్రైస్తవ సిద్ధాంతం కాలంతో పాటు ఎలా పెరుగుతుందన్నదే దాని విషయం. రోమ్‌లో కనిపించే కొత్త కొత్త విషయాలు కల్తీనా, లేక ఎదుగుదలా? ఇదీ ఆయన్ను తొలిచిన ప్రశ్న. మన లెక్కలో చెప్పుకుంటే.. త్ర్యంబకం దగ్గర గోదావరి సన్నటి ధార. రాజమండ్రి దగ్గర అవతలి ఒడ్డు కనపడనంత నది. వరదొస్తే ఎర్రటి బురద నీళ్లు. అయినా అది గోదావరి కాదని ఎవరంటారు? న్యూమన్ కూడా ఇలాంటి చోటికే చేరారు. ఏ చర్చి శుభ్రంగా ఉంది అని కాదు, అపొస్తలుల నాటి చర్చి ఈరోజు ఏ రూపంలో బతికి ఉంది అని అడిగారు. ఆ జవాబు వచ్చాక పుస్తకం పూర్తి చేయకుండానే కలం పక్కన పెట్టేశారు. అక్టోబర్ 3న ఓరియల్ ఫెలోషిప్‌కు రాజీనామా. ఆరు రోజుల్లో క్యాథలిక్.

పూసీ, కీబుల్ ఆంగ్లికన్లుగానే ఉండిపోయారు. న్యూమన్ 1846లో ఆక్స్‌ఫర్డ్ వదిలారు. మళ్లీ ఆ ఊళ్లో గౌరవంగా అడుగుపెట్టింది 1878లో. అంటే 32 ఏళ్ల తర్వాత.

చేరాక మొదలైన అసలు పరీక్ష

1847లో రోమ్‌లో క్యాథలిక్ గురువయ్యారు. బర్మింగ్‌హామ్‌లో ఆరేటరీ అనే గురువుల సంఘం పెట్టారు. ఇక హాయిగా ఉంటారనుకుంటే పొరపాటే.

1851లో ఆయనకు ఒక కేసు చుట్టుకుంది. జియాచింతో అకిల్లి అని ఇటలీకి చెందిన మాజీ గురువు, ఇంగ్లండ్ వచ్చి రోమ్ దౌర్జన్యాల మీద సభల్లో మాట్లాడుతున్నాడు. ఆడవాళ్లపై అతని అఘాయిత్యాల గురించి చర్చి కోర్టుకు ముందే తెలుసు, శిక్ష కూడా వేసింది. న్యూమన్ ఓ ఉపన్యాసంలో ఆ చిట్టా మొత్తం విప్పారు. అకిల్లి పరువునష్టం దావా వేశాడు. రుజువు కాగితాలు క్యాథలిక్ పెద్దల దగ్గరే ఉన్నాయి. కానీ వేళకు అందలేదు. బాధిత మహిళలను వెతికి ఇటలీ నుంచి రప్పించి సాక్ష్యం చెప్పించినా జ్యూరీ న్యూమన్‌నే తప్పుబట్టింది. 1853 జనవరిలో వంద పౌండ్ల జరిమానా పడింది. జరిమానా చిన్నదే కానీ కోర్టు ఖర్చులు వేల పౌండ్లయ్యాయి. వివిధ దేశాల క్యాథలిక్‌లు చందాలేసి కట్టారు. తప్పు చేసిన ఫాదర్‌ను బయటపెడితే సొంతవాళ్ల అలసత్వం వల్ల తానే దోషిగా నిలబడాల్సి వచ్చింది. గురువుల దుష్ప్రవర్తన ఉందని ఆయన ఎన్నడూ దాచలేదు. దాన్ని చూసి చర్చినీ వదల్లేదు.

డబ్లిన్‌లో క్యాథలిక్ యూనివర్సిటీ పెట్టమని పిలిచారు. బిషప్పులతో పొసగక 1858లో వదిలేశారు. 1859లో సిద్ధాంత విషయాల్లో మామూలు విశ్వాసుల అభిప్రాయం కూడా అడగాలని ఓ వ్యాసం రాశారు. నాలుగో శతాబ్దంలో చాలామంది బిషప్పులు తడబడితే విశ్వాసాన్ని కాపాడింది సామాన్య జనమేనని చరిత్ర తీసి చూపించారు. అంతే.. సాటి బిషప్పే రోమ్‌కు ఫిర్యాదు చేశారు. పోప్ దగ్గర పలుకుబడి ఉన్న మోన్సిన్యోర్ టాల్బట్ అయితే ఇంగ్లండ్‌లో ఆయనకంటే ప్రమాదకరమైన మనిషి లేడని లేఖ రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆరేటరీ పెట్టాలనుకుంటే దాన్నీ అడ్డుకున్నారు.

న్యూమన్ మళ్లీ పాత చర్చికి వెళ్లిపోతున్నారని పేపర్లలో పుకార్లు లేచాయి. 1862లో ఆయన ఒక పత్రికకు లేఖ రాసి, అలాంటి ఉద్దేశమే లేదని చాలా ఘాటుగా ఖండించారు. రెండేళ్ల తర్వాత చార్లెస్ కింగ్స్‌లీ అనే రచయిత, క్యాథలిక్ గురువులకు నిజం అంటే లెక్కలేదని, న్యూమనే అందుకు ఉదాహరణని రాశారు. దానికి జవాబుగా 1864లో వారం వారం విడుదలైన ఆత్మకథే 'అపోలోజియా'. రాస్తూ ఏడ్చేసేవారట. దాంతో ప్రొటెస్టెంట్లు కూడా ఆయన నిజాయితీని నమ్మారు.

1870లో పోప్ నిర్దోషత్వ సిద్ధాంతం వచ్చింది. న్యూమన్ స్వయంగా దాన్ని నమ్మేవారు. కానీ దాన్ని అందరి మీదా చట్టంలా రుద్దడానికి అది సమయం కాదని, వెనకుండి నడిపిస్తున్న వర్గం తీరు దారుణమని ఓ బిషప్‌కు రహస్యంగా రాశారు. ఆ లేఖ లీకైంది! మళ్లీ రచ్చ. అయిదేళ్ల తర్వాత మాజీ ప్రధాని గ్లాడ్‌స్టన్ క్యాథలిక్‌ల దేశభక్తిని ప్రశ్నిస్తే, మనస్సాక్షి స్థానం పోప్ మాట కన్నా ముందుంటుందని జవాబిచ్చింది కూడా ఈయనే.

చర్చిలో ఇన్ని తప్పులు ఎందుకు జరుగుతాయన్న ప్రశ్నకు 1877లో తన పాత పుస్తకానికి రాసిన కొత్త ముందుమాటలో ఆయన వివరణ ఇచ్చారు. చర్చికి మూడు పనులు: ఆరాధన, బోధన, పాలన. భక్తి అదుపు తప్పితే మూఢనమ్మకం అవుతుంది. బోధన ఒక్కటే మిగిలితే పొడి తర్కం అవుతుంది. పాలనకు అధికార దాహం పడుతుంది. ఈ మూడూ ఎప్పుడూ ఒకదాన్ని ఒకటి లాగుతూనే ఉంటాయి. తప్పులను సమర్థించడానికి కాదు, అవి ఎక్కడి నుంచి వస్తాయో చూపడానికి రాసిన మాటలివి. మూడు దశాబ్దాలు లోపలుండి దెబ్బలు తిన్నాక రాసినవి కూడా.

1879లో పోప్ లియో 13 ఆయన్ను కార్డినల్ చేశారు. అప్పటికి వయసు 78. దశాబ్దాల అనుమానాలు ఆ ఒక్క ప్రకటనతో తొలగిపోయాయి. 1890 ఆగస్టు 11న బర్మింగ్‌హామ్‌లో న్యుమోనియాతో కన్నుమూశారు. తనకు ప్రాణస్నేహితుడైన ఆంబ్రోస్ సెయింట్ జాన్ సమాధిలోనే తననూ పూడ్చాలని కోరారు. అలాగే చేశారు. 2008లో అవశేషాలను చర్చిలోకి తరలించాలని తవ్వితే, తేమ నేలలో ఏమీ మిగల్లేదు.

2019 అక్టోబర్ 13న వాటికన్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఆయన్ను పునీతుడిగా ప్రకటించారు. మన కేరళకు చెందిన సిస్టర్ మరియం త్రేసియాకూ అదే రోజు, అదే వేదిక మీద పునీతురాలి హోదా దక్కింది. ఆ రోజు అతిథుల్లో ముందు వరసలో కూర్చున్న వ్యక్తి.. బ్రిటన్ యువరాజు చార్లెస్. న్యూమన్ వదిలేసి వచ్చిన ఇంగ్లండ్ చర్చికి తర్వాత అధిపతి కావాల్సిన మనిషి.