పసిడి గడియారపు నిర్మాత హాన్స్ విల్స్‌డార్ఫ్

పెండ్లినాడు అల్లునికి చేతిగడియారము పెట్టుట మన యిండ్లలో ఒక ముచ్చట. అది బంగారుదైనచో తరతరములు చెప్పుకొందురు. కాని పురుషుని మణికట్టుపై గడియారమునకు ఈ గౌరవము మొదటినుండి ఉన్నది కాదు. ఇరువదవ శతాబ్ది ఆరంభమున అది స్త్రీల ఆభరణము. పురుషులు గొలుసుతో కూడిన జేబుగడియారమునే ధరించెడివారు. అంత చిన్న యంత్రము కాలమును సరిగా చెప్పజాలదని గడియారముల పనివారే తలచెడివారు. ఈ తలంపును మార్చినవారిలో అగ్రగణ్యుడు రోలెక్స్ సంస్థ స్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్.

ఆయన 1881 మార్చి 22న జర్మనీలోని బవేరియా సీమకు చెందిన కుల్మ్‌బాఖ్ పట్టణమున జన్మించెను. పండ్రెండేండ్లు నిండునప్పటికే తల్లియు తండ్రియు గతించిరి. బంధువులు తండ్రి యినుపసామాను దుకాణమును అమ్మివేసి, పిల్లలను వసతి పాఠశాలకు పంపిరి. 1900లో విల్స్‌డార్ఫ్ స్విట్జర్లండు చేరి, గడియారములకు ప్రసిద్ధమైన లా షో ద ఫోన్ నగరమున ఒక వర్తకుని కార్యాలయములో ఆంగ్ల ఉత్తరములు వ్రాయు గుమాస్తాగా కుదిరెను. ప్రతిదినము వందలకొలది గడియారములకు కీ ఇచ్చుట, అవి సరిగా నడుచుచున్నవో లేదో చూచుట కూడ ఆయన పనియే. విసుగు పుట్టించు ఆ కొలువే ఆయనకు విద్యాలయమైనది.

1905లో లండనులో ఆల్‌ఫ్రెడ్ డేవిస్‌తో కలిసి ఆయన సొంత వ్యాపారము ప్రారంభించెను. స్విట్జర్లండులోని బియెన్‌లో ఎగ్లర్ సంస్థవారు చేసిన చిన్న యంత్రములను తెప్పించి చేతిగడియారములు తయారుచేయించెను. ఏ భాషవారైనను తేలికగా పలుకగల పేరు కావలెనని యోచించి, 1908లో రోలెక్స్ అను నామమును నమోదు చేయించెను. 1914 జులై 15న ఇంగ్లండులోని క్యూ పరీక్షాశాల, నలుబదియైదు దినముల పరీక్ష జరిపి, రోలెక్స్ చేతిగడియారమునకు ‘ఏ’ తరగతి యోగ్యతాపత్రము నొసగెను. చేతిగడియారమునకు ఆ గౌరవము దక్కుట అదియే ప్రథమము.

అంతలో మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను. కందకములలోని సైనికులకు జేబు తడుముకొను వ్యవధి లేక చేతిగడియారమే శరణ్యమయ్యెను. కాని 1915లో బ్రిటను దిగుమతి గడియారములపై భారమైన సుంకము విధించెను. యుద్ధానంతరము విల్స్‌డార్ఫ్ తన కేంద్రమును జెనీవాకు మార్చుకొనెను.

గడియారమునకు ఆగర్భశత్రువులు దుమ్మును నీరును. 1926లో ఆయన సంస్థ, వెనుక మూతయు, కీ ఇచ్చు బొడిపెయు మరలతో బిగియు ఆయిస్టర్ గడియారమును వెలువరించెను. మరుసటి సంవత్సరము అక్టోబరులో మెర్సిడీస్ గ్లైట్జ్ అను ఆంగ్ల యువతి ఇంగ్లీషు ఛానెల్‌లో ఈదునపుడు బంగారు ఆయిస్టరును ధరించెను. చలికి తాళలేక ఆమె ఆవలి ఒడ్డు చేరకయే విరమించినను, పదిగంటలకు పైగా నీట నానిన గడియారము మాత్రము ఆగలేదు. 1931లో చేయి కదలినప్పుడెల్ల తిరిగి యంత్రమునకు తానే కీ ఇచ్చు బరువును అమర్చిరి.

రెండవ ప్రపంచ యుద్ధమున జర్మన్ల చెరలోనున్న బ్రిటిషు సైనికులు తమ గడియారములు కోల్పోగా, యుద్ధము ముగిసిన పిమ్మట సొమ్ము చెల్లింపవచ్చునని ఆయన వారికి అరువుగా గడియారములు పంపించెను. ఎప్పుడు విడుదలయగుదురో తెలియనివారికి అది గడియారమే కాదు, ధైర్యము కూడ.

1945లో తారీఖును తానే మార్చుకొను డేట్‌జస్ట్, 1956లో వారము పేరునుకూడ పూర్తిగా చూపు డే-డేట్ వెలువడెను. మొదటిది పదునెనిమిది క్యారట్ల బంగారముతో వచ్చెను. రెండవదానిని బంగారముతోడనో ప్లాటినముతోడనో మాత్రమే చేసిరి. అది పైపూత కాదు, ఇరువదినాలుగు పాళ్లలో పదునెనిమిది పాళ్లు పసిడి. మేలిమి మెత్తనిది కనుక మిగిలిన పాళ్లు గట్టిదనమునకై కలిపిన లోహములు. పాత వస్తువులు సేకరించువారు నేడును వీనిని వెదకుచుందురు. వీని వెల పసిడి తూకముతో తేలునది కాదు. లోపలి యంత్రముపై గల నమ్మకమే దానిని పెంచినది.

1944లో విల్స్‌డార్ఫ్ భార్య మరణించెను. వారికి సంతానము లేదు. 1945లో ఆయన తన పేరిట ధర్మనిధిని స్థాపించి, సంస్థలో తన భాగమంతయు దానికి చెందునట్లు ఏర్పాటు చేసెను. 1960 జులై 6న జెనీవాలో దివంగతుడయ్యెను. నేటికిని రోలెక్స్ ఆ ధర్మనిధిదే. తండ్రి దుకాణము పరుల పాలగుట బాల్యముననే చూచిన అనాథ, తాను కట్టిన దుకాణము మాత్రము ఎవరును అమ్ముకొనుటకు వీలులేకుండ చేసి వెళ్లెను.