కార్పెట్ సాహెబ్: అడవి మనిషి, ఇంటి మనిషి

జిమ్ కార్బెట్ పేరు చెప్పగానే ఎవరికైనా పులి గుర్తొస్తుంది. నాకు మాత్రం ఒక రాతి గోడ గుర్తొస్తుంది.

1996లో నేను రాణీఖేత్‌లో ఏఎస్‌సీ డ్రైవరుగా ఉండేవాణ్ని. రేషన్ బండి వేసుకుని హల్ద్వానీ దిగడం, మళ్లీ ఘాటు ఎక్కడం, అదే డ్యూటీ. మా సెక్షన్‌లో ఒక కుమావూనీ హవల్దారు ఉండేవాడు. అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఆయనది కాలాఢుంగీ దగ్గర పల్లె. ఒకసారి రెండు రోజుల సెలవు దొరికితే నన్ను కూడా ఇంటికి తీసుకెళ్లాడు. దారిలో ఛోటీ హల్ద్వానీ అనే చిన్న ఊరి చుట్టూ కట్టిన రాతి గోడ చూపించాడు. అడవిపందులు చేలల్లో పడకుండా కార్పెట్ సాహెబ్ కట్టించాడని చెప్పాడు. అక్కడి జనం నోట్లో కార్బెట్ అలా కార్పెట్ అయిపోయాడు. పోయి అప్పటికే 41 ఏళ్లయిన ఒక తెల్లదొర గురించి ఉస్తాద్ తన సొంత తాతను తలుచుకున్నట్టు మాట్లాడుతుంటే నాకు ఆశ్చర్యం వేసింది. తిరిగొచ్చాక యూనిట్ లైబ్రరీలో ఆయన పుస్తకాలు ఒక్కొక్కటే తీసి చదివాను. ఆయన జీవితాన్ని నా జీవితంతో పోల్చుకోకుండా ఉండలేకపోయాను. అందుకే మన సంఘం సంచికకు ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

కార్బెట్ 1875 జూలై 25న నైనితాల్‌లో పుట్టాడు. తండ్రి అక్కడ పోస్టుమాస్టరు. తల్లి మేరీ జేన్. ఇద్దరికీ అది రెండో పెళ్లి. పాత సంసారాల పిల్లలు, కొత్త పిల్లలు కలిసి ఇల్లంతా సందడి. ఎండాకాలం నైనితాల్‌లో, చలికాలం కింద కాలాఢుంగీలో కాపురం. 1881లో తండ్రి పోయాడు. అప్పటికి జిమ్‌కి ఇంకా ఆరేళ్లు నిండలేదు. అంత సంసారాన్నీ ఆ తల్లి ఒంటిచేత్తో ఈదుకొచ్చింది.

పిల్లవాడికి బడికన్నా అడవి ఎక్కువ నేర్పింది. మొదట కాటాబల్ల, తర్వాత విల్లు, ఆ తర్వాత ఒక గొట్టం పగిలి, ఇత్తడి తీగ చుట్టిన పాత జంటగొట్టాల తుపాకీ. కుంవర్ సింగ్ అనే ఊరి వేటగాడు ఆయనకు అడవిలో ఎలా నడవాలో, భయాన్ని ఎలా అదుపులో పెట్టుకోవాలో చూపించాడు. ఏ పిట్ట ఎందుకు అరుస్తోంది, తడి ఇసుకలో అడుగు ఎంతసేపటి క్రితం పడింది, ఇవన్నీ ఆయనకు అక్షరాలు. మన ట్రైనింగులో ఫీల్డ్ క్రాఫ్ట్ అని నేర్పేది ఆ పిల్లవాడు ఆటలో నేర్చేసుకున్నాడు.

పద్దెనిమిది నిండకుండానే చదువు ఆపి రైల్వేలో చేరాడు. ఇంటికి డబ్బు కావాలి కదా. బీహారులో ఇంజన్లకు కట్టెలు సమకూర్చే పని. తర్వాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు ఒక రైలు నుంచి దించి నది దాటించి ఇంకో రైలుకి ఎక్కించే కాంట్రాక్టు. ఇరవై ఏళ్లకు పైగా అక్కడే ఉన్నాడు. కూలీలతో పాటు తానూ మోసేవాడు. రైల్వే నుంచి డబ్బు ఆలస్యమైనప్పుడు కూలీలు పస్తులుంటే తానూ ఒక పూటే తిన్నాడు. అక్కడి స్టేషన్ మాస్టరుతో కలిసి పనివాళ్ల పిల్లలకు బడి పెట్టాడు. ఒకే గుడిసెలో పై కులాల పిల్లలు, కింది కులాల పిల్లలు కలిసి కూర్చోకూడదని పెద్దలు అడ్డుపడితే గోడలు తీసేయించాడు. అప్పుడది గుడిసె కాదు, షెడ్డు. షెడ్డులో కలిసి కూర్చుంటే ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

సంపాదనలో ఇంటి భాగం ఇంటికి వెళ్లేది. తల్లి 1924లో పోయేదాకా ఆమెను కనిపెట్టుకుని ఉన్నాడు. ఆయన పెళ్లి చేసుకోలేదు. ఆయనకన్నా ఏడాది పెద్దదైన అక్క మ్యాగీ కూడా చేసుకోలేదు. అక్కాతమ్ముళ్లు చివరిదాకా ఒకే ఇంట్లో బతికారు. ఆయన అడవిలో ఉంటే ఆమె ఇల్లు చూసుకునేది, కాలాఢుంగీ ఇంటికి వచ్చిన రోగులకు మందులిచ్చేది. పుస్తకాల్లో పులులకే పేరొచ్చింది గాని, ఆ పులుల కోసం వారాల తరబడి ఆయన నిశ్చింతగా తిరిగాడంటే, వెనక ఇల్లు కాసిన అక్క ఉండబట్టే.

మనుషుల్ని తినే పులుల కథ అందరికీ తెలిసిందే. 1907లో చంపావత్ ఆడపులిని కొట్టాడు. నేపాల్‌లోనూ కుమావూన్‌లోనూ కలిపి అది 436 మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికాయన మొకామా ఘాట్ ఉద్యోగంలోనే ఉన్నాడు. మనం లీవులో ఇంటికి పోయి పెళ్లిళ్లు చేసుకుంటాం, ఆయన లీవులో పల్లెజనం ప్రాణాలు కాపాడేవాడు. 1926లో రుద్రప్రయాగ చిరుతపులిని చంపాడు. అది 125 మందిని తిన్నది. బహుమతి ప్రకటన రద్దు చేయాలి, మిగతా వేటగాళ్లను వెనక్కి పిలవాలి, ఈ రెండూ ఆయన పెట్టే షరతులు. డబ్బుకోసం వచ్చాడనిపించుకోవడం ఇష్టం లేదు. చచ్చిన జంతువు ఒంటిని పరీక్షగా చూసేవాడు. చంపావత్ పులి కోరలు పాత తుపాకీ దెబ్బకు విరిగి ఉన్నాయి. మనిషి చేసిన గాయమే దాన్ని మనిషి మీదికి తోలిందని ఆయనకు అర్థమైంది.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంటి భయంతో పొద్దుగూకాక బయటికి రాని పల్లెలున్నాయి. కాబట్టి కుమావూన్ జనం తలుపులెందుకు బిగించుకున్నారో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఆయన్ని దేవుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. ఆయనా ఏలినవాళ్ల జాతివాడే. వైస్రాయిలకు వేటలు ఏర్పాటు చేశాడు. సరదాకి కూడా పులుల్ని కొట్టిన రోజులున్నాయి. కానీ తర్వాత తుపాకీ తగ్గించి కెమెరా పట్టాడు. 1936లో రామ్‌గంగ ఒడ్డున మన దేశపు మొదటి జాతీయ పార్కు ఏర్పడడానికి సాయపడ్డాడు. ఆయన పోయాక దానికి ఆయన పేరే పెట్టారు. 1973లో ప్రాజెక్ట్ టైగర్ అక్కడినుంచే మొదలైంది. 2022 లెక్కలో అక్కడ 260 పులులు తేలాయి.

ఫౌజీలు మరిచిపోకూడని సంగతి ఇంకొకటుంది. 1914లో వయసు మీరిందని ఆయన్ని సైన్యంలోకి తీసుకోలేదు. 1917లో తీసుకున్నారు. కుమావూన్ నుంచి 500 మందిని తానే పోగుచేసి ఫ్రాన్సుకి తీసుకెళ్లాడు. 499 మందిని వెనక్కి తెచ్చాడు. ఆ యుద్ధంలో ఆ అంకె ఎంత గొప్పదో మనకి తెలుసు. రెండో ప్రపంచయుద్ధంలో డెబ్బైకి దగ్గరపడ్డ వయసులో, లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో, బర్మా వెళ్లే జవాన్లకు అడవి యుద్ధం నేర్పి, జబ్బుపడి ఇల్లు చేరాడు. 1944లో వచ్చిన మొదటి పెద్ద పుస్తకం, కుమావూన్ నరభక్షకులు. దాని తొలి ముద్రణ రాబడిని యుద్ధంలో చూపు పోయిన భారత సైనికుల ఆశ్రమానికి ఇచ్చేశాడు.

1947 నవంబరులో అక్కాతమ్ముళ్లు నైనితాల్ ఇల్లు అమ్మి కెన్యా వెళ్లిపోయారు. పుట్టిన ఊరు వదలడం ఆయనకు చిన్న బాధ కాదు. ఛోటీ హల్ద్వానీలో సుమారు నలభై రైతు కుటుంబాలుండేవి. దూరదేశం నుంచి కూడా వాళ్ల భూమిశిస్తు తానే కట్టాడు. చివరికి ఆ భూమి వాళ్లదే అయింది. 1955 ఏప్రిల్ 19న న్యేరీలో కన్నుమూశాడు. మ్యాగీ 1963 దాకా బతికింది.

ఇక నా సంగతి. మా నాన్న నేను ఏడో తరగతిలో ఉండగా పోయాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్ప పలాసలో జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు కొట్టి, వేళ్లు నల్లబడిపోయి, నన్ను చదివించింది. పెళ్లి మాటే ఎత్తనీయలేదు. నేను ఫౌజ్‌లో చేరి నెలనెలా మనియార్డరు పంపాను. అదే నా బాధ్యత అనుకున్నాను. ఆ డబ్బుతో అప్ప ఎకరం జీడితోట కొంటే, నా పేరుమీదే రాయించింది, నేనూ కాదనలేదు.

ఛోటీ హల్ద్వానీ కథ చదివిన ఏడు లీవులో వెళ్లి ఆ తోట అప్ప పేరుమీద రిజిస్ట్రేషన్ చేయించాను. మా ఆవిడ మొదట మొహం ముడుచుకుంది. తర్వాత తనే అప్పని వెంటబెట్టుకుని ఆఫీసుకి వచ్చింది. కాయితాలు చేతికిస్తే అప్ప చాలాసేపు ఏమీ అనలేదు. వేలిముద్ర ఇంకు చీరకొంగుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ తోటని నేలమట్టం చేసింది. నేను రిటైరై ఊళ్లోనే ఉన్నాను. అమ్మేద్దామన్నాను. భూమి తనదని, మొక్కలు తెమ్మని అప్ప గట్టిగా చెప్పింది. తెచ్చాను. ఇప్పుడు కాపుకొచ్చాయి. ఎలుగుబంటి వస్తుంది, తినగలిగినన్ని జీడిపళ్లు తిని పోతుంది. ఎవరం దాని జోలికి పోం. సాయంత్రం వేళ అప్పా నేనూ ఆ తోట గట్టుమీద కూర్చుంటాం. సర్వీసంతా ఇంటికి డబ్బు పంపాను కదా అనుకున్న నాకు, ఇంటి మనిషి పక్కన కూర్చోవడం కూడా డ్యూటీయేనని నేర్పింది కార్పెట్ సాహెబే.