స్టాఫ్ రూమ్‌లో నీళ్ల కూజా

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హాం కాలేజీలో అంబేద్కర్ అర్థశాస్త్ర ప్రొఫెసర్‌గా చేరారు. జీతం నెలకు 450 రూపాయలు. బరోడా స్కాలర్‌షిప్ గడువు తీరడంతో లండన్‌లో పరిశోధన సగంలో ఆపి, అంతకు ముందు ఏడాదే తిరిగొచ్చారాయన. నాలుగేళ్లలోపు వెళ్లి పూర్తి చేసుకోవడానికి అనుమతి ఉంది. డబ్బే లేదు. అందుకే ఈ కొలువు.

మొదట్లో విద్యార్థులు ఈయనేం చెబుతాడులే అనుకున్నారు. కొన్నాళ్లకు వేరే కాలేజీల పిల్లలు కూడా వచ్చి ఆ పాఠాలు వినేవారు. స్టాఫ్ రూమ్‌లో మాత్రం కూజాలో నీళ్లు ముట్టొద్దన్నారు తోటి అధ్యాపకులు కొందరు. గంటల తరబడి పాఠం చెప్పి గొంతెండిన మనిషిని!

జీతంలో కొంత ఇంటికిచ్చి, మిగతాది లండన్ కోసం దాచారు. పరేల్ చాల్‌లో ఆ కాస్తతోనే సంసారం ఈదింది రమాబాయి. ఆ డాక్టరేట్‌లో ఆమె వాటా ఏ పట్టా మీదా ఉండదు.

1920 మార్చిలో రాజీనామా చేశారు. దాచిన డబ్బు చాలలేదు. కొల్హాపూర్ షాహూ మహారాజ్ సాయం చేశారు, పార్శీ మిత్రుడు నవల్ భథేనా 5000 అప్పిచ్చారు. రూపాయి సమస్యపై రాసిన సిద్ధాంత గ్రంథంలో బ్రిటిష్ పాలకుల ద్రవ్య విధానాన్ని కడిగేశారు. పరీక్షకులు తిరగరాయమన్నారు. మార్చి ఇచ్చారు, తన వాదన మాత్రం వదల్లేదు. 1923లో డీఎస్సీ వచ్చింది.