మూసారాంబాగ్ పేరు వెనుక ఒక జీవితం

హైదరాబాదులో మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్ళే విద్యార్థులకు మూసారాంబాగ్ పేరు చిరపరిచితం. ఆ మూసారాం ఏ భక్తుడో, ఏ షావుకారో అయివుంటాడని మేమూ చాలాకాలం అనుకున్నాము. ఆయన ఫ్రాన్సు దేశీయుడు. పేరు మిషెల్ జోకిం మరీ రేమండ్. ఆ పరదేశి నామం మన వారి నోట నలిగి, ముస్లిములకు మూసా రహీం అయింది, హిందువులకు మూసా రాం అయింది. ఇరువురూ ఆయనను తమ వానిగానే చేసుకున్నారు.

రేమండ్ 1755లో నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ సీమలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. ఇరవై ఏళ్ళ ప్రాయంలో, 1775లో, సరుకుతో పుదుచ్చేరి రేవులో దిగాడు. వ్యాపారం ఆయనకు అచ్చిరాలేదు. త్వరలోనే సైనికుడై, మైసూరు పాలకుడు హైదర్ అలీ కొలువులోని ఫ్రెంచి దళంలో పనిచేశాడు. 1783లో వృద్ధుడైన బుస్సీ మరల ఇండియాకు వచ్చినప్పుడు ఆయనకు ఆంతరంగిక సహాయాధికారి అయ్యాడు.

ఇక్కడ బుస్సీని గూర్చి కొంత చెప్పక తప్పదు. 1751లో సలాబత్ జంగును దక్కను గద్దెపై నిలిపినవాడు ఆయనే. ఆ సేవకు ప్రతిఫలంగా 1753లో కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, శ్రీకాకుళం సర్కారులు ఫ్రెంచివారి వశమయ్యాయి. ఐదేళ్ళు గడిచాయో లేదో, కర్ణాటకంలో ఇంగ్లీషువారితో పోరుకు బుస్సీని వెనుకకు పిలిపించారు. ఆ అదను చూసి ఇంగ్లీషువారు 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద ఫ్రెంచివారిని ఓడించి, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నారు. 1761లో పుదుచ్చేరి కూడా పడిపోయింది. ఐరోపాలోని ఇద్దరు రాజుల తగాదా తెలుగుతీరంలో ఇట్లా తీరింది. ఆ తీరాన శిక్షణ పొందిన తొలి సిపాయిలలో తెలుగువారు పలువురు ఉండడం చేతనే ఉత్తర హిందూస్థానంలో సిపాయికి తిలంగా అనే పేరు వచ్చిందని చెబుతారు.

1785లో బుస్సీ మరణించాడు. ఫ్రెంచి రాజ్యం మీద ఆశ అడుగంటింది. రేమండ్ నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. మొదట ఆయన కింద ఉన్నది మూడు వందల మంది మాత్రమే. వారి తుపాకులు సైతం నెలకు ఇంతని అద్దెకు తెచ్చినవంటారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ పటాలం పదివేలు దాటింది. జీతాలు సక్రమంగా ఇచ్చుట, కవాతు నేర్పుట, ఫిరంగులు పోత పోయించుట ఆయన విజయరహస్యాలు. నగరంలోని తోప్ కా సాంచా, అనగా నేటి గన్‌ఫౌండ్రీ, ఆయన నెలకొల్పినదేనని ప్రతీతి.

1795 మార్చిలో ఖర్డా వద్ద మరాఠాలు నిజాం సేనను ఎదుర్కొన్నారు. ఇంగ్లీషువారు నిజాంకు మిత్రులే. కాని మరాఠాలూ తమకు మిత్రులేనని గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ సహాయం నిరాకరించాడు. రేమండ్ పటాలాలు నిలిచి పోరాడుతుండగానే నిజాం వెనుదిరగమని ఆజ్ఞాపించి ఖర్డా దుర్గంలో దూరాడు. దౌలతాబాదు కోటను, మరికొంత దేశాన్ని, పెద్ద పైకాన్ని ఒప్పుకోవలసి వచ్చింది. మంత్రి అరస్తూ జాహ్ స్వయంగా మరాఠాల వద్ద తాకట్టుగా ఉండవలసి వచ్చింది. ఆగ్రహించిన నిజాం తన వద్ద ఉన్న ఇంగ్లీషు పటాలాలను పంపివేశాడు. అదే సంవత్సరం కుమారుడు ఆలీజాహ్ తిరుగబడగా రేమండే వెంటాడి పట్టుకున్నాడు. అవమానం భరింపలేక ఆ రాకుమారుడు విషం సేవించి మరణించాడు. తిరుగుబాటుకు భయపడి నిజాం అప్పటికే ఇంగ్లీషు పటాలాలను మరల రప్పించుకున్నాడు. ఇట్లా ఒకే దర్బారులో ఇద్దరు పరదేశీయులు ఒకరినొకరు కనిపెట్టుకొని ఉన్నారు. వృద్ధ నిజాం కోరుకున్నదీ అదేనని మా నమ్మకం. ఒకరు ఉన్నంతకాలం రెండవవారు తన నెత్తికెక్కలేరు.

రేమండ్ నిజాం సేవకుడా, ఫ్రాన్సు సేవకుడా? ఆయన పటాలం ఫ్రెంచి రిపబ్లిక్ జెండానే ఎగురవేసేదన్న మాట నిజం. టిప్పు సుల్తానుతో కలుస్తాడేమోనని ఇంగ్లీషువారు బెదిరిన మాటా నిజం. అయితే ఆయన తిన్న ఉప్పు హైదరాబాదుది. దానికి ద్రోహం చేసిన సందర్భం మాకు కనిపించదు.

1798 మార్చి 25న, 43వ ఏట, రేమండ్ హఠాత్తుగా మరణించాడు. విషప్రయోగమన్న పుకారు పుట్టింది; రుజువు లేదు. ఆయన స్థానంలోకి వచ్చిన పిరోన్‌కు ఆ సమర్థత లేదు. తాకట్టు నుండి తిరిగివచ్చిన అరస్తూ జాహ్ ఇంగ్లీషు పక్షం. సెప్టెంబరు 1న నిజాం సైన్య సహకార సంధికి ఒప్పుకున్నాడు. ఆరు ఇంగ్లీషు పటాలాలకు ఏటా ఇరవైనాలుగు లక్షలకు పైగా రూపాయలు చెల్లించాలి. ఫ్రెంచి అధికారులను తొలగించాలి. వార్త విని సిపాయిలు తమ బకాయి జీతాల కోసం సొంత అధికారులనే నిర్బంధించారు. అక్టోబరు 22న రెసిడెంటు కర్క్‌పాట్రిక్ ఏర్పాటు మేరకు ఇంగ్లీషు దళాలు శిబిరాన్ని చుట్టుముట్టాయి. బకాయిలు ఇస్తామన్న హామీతో వేలాది సైనికులు ఆయుధాలు పడవేశారు. తూటా పేలకుండా, కొన్ని గంటలలో, దక్కనులో ఫ్రెంచివారి కథ ముగిసింది.

మరుసటి ఏడు మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు నేలకొరిగాడు; ముట్టడించిన సేనలలో నిజాం సేన కూడా ఉన్నది. ఆ యుద్ధంలో నిజాంకు వచ్చిన ప్రాంతాలు ఎంతోకాలం నిలువలేదు. ఇంగ్లీషు సైన్యపు ఖర్చు కింద 1800లో బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం కుంపిణీకి దత్తమయ్యాయి. నేడు రాయలసీమ అంటున్న దేశానికి 1928 వరకు దత్తమండలమనే పేరే నిలిచింది.

సరూర్‌నగర్ సమీపాన, అస్మాన్‌గఢ్ గుట్టమీద రేమండ్ సమాధి ఉన్నది. నల్లరాతి స్తంభం, దానిపై పేరు లేదు, బిరుదు లేదు, జె.ఆర్. అనే రెండక్షరాలే. చాలాకాలం ఏటా వర్ధంతి నాడు జనం అక్కడికి వెళ్ళి దీపాలు, ఊదువత్తులు వెలిగించి ఉర్సు జరిపేవారు. పక్కనున్న రాతి మంటపం 2001 వర్షాలకు కూలిపోగా తిరిగి నిలబెట్టారు. మేము గుట్ట దిగి వస్తూ, ఆ సమాధి ఎవరిదని దారిలో ఒక ముసలాయనను అడిగాము. మూసా రాంది అన్నాడు.