అయినవారు దూరమైన వేళ

కష్టకాలంలో అయినవారే దూరమైతే మీరు ఎవరిని ఆశ్రయిస్తారు? పురుషోత్తమ చౌదరి జీవితంలో ఈ ప్రశ్నకు సమాధానం ఉంది.

ఆయన 1803లో, వంగదేశ మూలాలు గల బ్రాహ్మణ కుటుంబంలో జన్మించారు. విశాఖపట్నంలో లండన్ మిషనరీలు 1805లోనే స్థిరపడ్డారు. వారి సాంగత్యంతో ఆయన మనసు ఏసుక్రీస్తువైపు మళ్లింది. 1833లో కటకంలో బాప్తిస్మం స్వీకరించారు.

ఆ రోజుల్లో మతం మారడమంటే కులాన్నీ, బంధుత్వాన్నీ ఒక్కసారిగా పోగొట్టుకోవడమే. తనవారు దూరమయ్యారు. అర్ధాంగి సైతం కొంతకాలం వెంట నడవలేదు. అంతటి ఒంటరితనంలోనూ ఆయన నమ్మిన దైవాన్ని విడువలేదు.

ఆయన వందకు పైగా తెలుగు క్రైస్తవ కీర్తనలు రచించారు. మీకు సుపరిచితమైన పల్లవి, చరణాలు, రాగతాళాలే వాటికీ ఆధారం. గోల్కొండ చెరసాలలో రామదాసు రాముణ్ణి వేడుకున్నాడు. ఈయన క్రీస్తును వేడుకున్నారు. శరణాగతి ఒక్కటే.

1890లో ఆయన పరమపదించారు. ఆ కీర్తనలు నేటికీ తెలుగు చర్చిలలో వినిపిస్తున్నాయి.

ఆపద తొలగాక దేవుణ్ణి స్తుతించడం సులభం. ఆపద నడుమ స్తుతించగలగడమే భక్తి. మీ ఇంట కష్టం అడుగుపెట్టిన నాడు, దీపం వెలిగించి మీ ఇష్టదైవాన్ని కీర్తించండి. దారి కనబడకున్నా ధైర్యం కలుగుతుంది.